అస్తాపొవో పేరులేని స్టేషన్ కాదు

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. రష్యా రచయిత టాల్‌స్టాయ్ వర్ధంతి సందర్భంగా మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని రెండుసార్లు చదివాను. ఎనభై రెండేళ్ల వయసులో ఆయన అర్ధరాత్రి ఇల్లు విడిచిన తీరును, భార్యాభర్తల మధ్య ఏళ్ల తరబడి పెరిగిన ఎడాన్ని, వీలునామా చుట్టూ నడిచిన తగవును వ్యాసకర్త ఎంతో శ్రద్ధగా రాశారు. అయితే చివరి పేరాలో ఆయన ‘ఊరూ పేరూ లేని ఒక మారుమూల స్టేషన్‌లో’ కన్నుమూశారన్న మాట నన్ను ముందుకు కదలనివ్వలేదు. గుంతకల్లులో పాయింట్స్‌మన్ (రైళ్లకు పట్టాల దారి మార్చే పనివాడు) కొడుకుగా పుట్టి, రైల్వే క్వార్టర్స్‌లో పెరిగి, ముప్పై నాలుగేళ్లు ఇదే డివిజన్‌లోని చిన్నాపెద్దా స్టేషన్లలో స్టేషన్ మాస్టరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న నాకు, ఆ మాటను సరిచేయమని అడగడం నా వంతు పని అనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ స్టేషన్‌కు పేరుంది. దాని పేరు అస్తాపొవో. రష్యాలో మాస్కోకు దక్షిణంగా, అప్పటి ర్యజాన్ రాష్ట్రంలో, ర్యజాన్-ఉరల్ రైల్వే మీద 19వ శతాబ్దం చివరిలో వెలసిన రైలు ఊరు అది. వెలసింది అంటున్నాను గానీ, అలాంటి ఊళ్లు వాటంతట అవి వెలిసేవి కావు. పక్కనున్న పల్లె పేరును స్టేషన్‌కు పెడతారు. పల్లె తన చోట తాను ఉండిపోతుంది. పట్టాల పక్కన మాత్రం నీళ్ల ట్యాంకు, ఇంజన్ల షెడ్డు, తంతి (టెలిగ్రాఫ్) గది, కంపెనీ డాక్టరు, సిబ్బంది ఇళ్లు, టీ దొరికే బఫే ఒకదాని వెనక ఒకటి పుట్టుకొచ్చి, ఇరవై ఏళ్లలో పల్లె పేరును స్టేషన్ సొంతం చేసుకుంటుంది. ఈ సంగతి గుంతకల్లువాళ్లకు వేరే చెప్పనక్కర లేదు. పాత గుంతకల్లు ఎక్కడుంది, జంక్షన్ చుట్టూ పెరిగిన గుంతకల్లు ఎక్కడుంది అన్నది ఇక్కడి పిల్లవాడిని అడిగినా చెబుతాడు.

అస్తాపొవో కూడా జంక్షనే. ‘మారుమూల’ అన్న మాట అందుకే సరిపోదు. పడమటి నుంచి దాన్‌కొవ్ మీదుగా వచ్చే దారీ, తూర్పు దక్షిణాలకు పోయే దారులూ అక్కడ కలిసేవి. రష్యాలో 1861లో రైతుబానిసత్వం రద్దయిన తర్వాత నల్లరేగడి జిల్లాల ధాన్యాన్ని మాస్కోకు, రేవులకు చేర్చడానికి రైలుమార్గాలు ముమ్మరంగా వేశారు. ర్యజాన్ నుంచి కొజ్లోవ్‌కు 1866లో పడిన మార్గం అలాంటిదే. దాన్ని వేసిన కంపెనీయే పెరిగి పెద్దదై 1892 నుంచి ర్యజాన్-ఉరల్ రైల్వే అనిపించుకుంది. గోధుమ, రై, వోట్లు పండే నల్ల నేల అది. మన గుత్తి, ఆదోని వైపు నల్లరేగడిని చూసిన కంటికి ఆ మట్టి ఫొటో కొత్తగా అనిపించదు. తేడా అల్లా అక్కడ దాని మీద ఏటా మంచు పరుచుకోవడమే. వాళ్ల పట్టాల మధ్య ఎడం ఐదడుగులు, మన బ్రాడ్‌గేజిది ఐదున్నర. ఆ అరడుగు పక్కన పెడితే పని ఒకటే, పనివాడి రాత్రి ఒకటే.

ధాన్యం పేరు వచ్చింది కాబట్టి కరువు పేరూ రావాలి. 1891, 1892 సంవత్సరాల్లో రష్యా నల్లరేగడి ప్రాంతాన్ని భయంకరమైన కరువు పట్టింది. అప్పుడు టాల్‌స్టాయ్ తన ఊరు యాస్నాయ పొల్యానా విడిచి దాన్‌కొవ్ తాలూకాలోని బెగిచెవ్కా అనే పల్లెకు వచ్చి, కూతుళ్లతో, స్నేహితులతో కలిసి పల్లెపల్లెనా అన్నశాలలు తెరిచి, వేలమంది రైతులకు రెండేళ్లపాటు తిండి పెట్టించారు. ఆ దాన్‌కొవ్ అస్తాపొవోకు పక్కదే. అంటే ఆయన చివరికి ప్రాణం విడిచింది తనకు ఏ సంబంధమూ లేని చోట కాదు. ఇరవై ఏళ్ల కిందట తాను గంజి పోయించిన నేలకు దగ్గరలోనే ఆయన రైలు దిగారు. ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గారి గంజి కేంద్రాల కథలు అమ్మమ్మల నోట విని పెరిగిన మన కర్నూలు, అనంతపురం పాఠకులకు ఈ ఒక్క సంగతి చెప్పి ఉంటే వ్యాసం ఇంకెంత దగ్గరయ్యేదో! 1876-78 నాటి మహాకరువు దెబ్బ తర్వాతే కదా, 1880లో కరువు కమిషన్ చెప్పిన మీదట, మన బళ్లారి నుంచి గుంతకల్లు, నంద్యాల మీదుగా కృష్ణ దాకా మీటరుగేజి లైను వేసింది. కరువు వచ్చినప్పుడు ధాన్యం చేరవేయడానికి వేసిన లైను మీదే నేను ఉద్యోగం మొదలుపెట్టాను.

ఇక ఆ ఏడు రోజుల సంగతి. రష్యా పాత పంచాంగం మన క్యాలెండరుకు అప్పట్లో పదమూడు రోజులు వెనక నడిచేది కాబట్టి, వాళ్ల లెక్కలో 1910 అక్టోబరు 31, మన లెక్కలో నవంబరు 13. కొజెల్స్క్‌లో రైలెక్కి దక్షిణాదికి బయలుదేరిన టాల్‌స్టాయ్‌కు దారిలో చలి జ్వరం వచ్చింది. వెంట ఉన్న డాక్టరు దుషాన్ మకొవిత్స్కీ, చిన్న కూతురు అలెగ్జాండ్రా ఇక ప్రయాణం కుదరదని తేల్చుకుని, రాబోయే పెద్ద స్టేషన్‌లో దింపాలనుకున్నారు. ఆ స్టేషన్ అస్తాపొవో అయింది. సాయంత్రం చీకటి పడ్డాక ప్లాట్‌ఫారం మీద మకొవిత్స్కీ స్టేషన్ మాస్టరును వెతికి పట్టుకుని, రైల్లో ఉన్న రోగి ఎవరో చెప్పి, పడుకోబెట్టడానికి కాస్త చోటు దొరుకుతుందా అని అడిగాడు. ఆ ఊళ్లో హోటల్ లేదు. గది సిద్ధమయ్యే దాకా ముసలాయనను ఆడవాళ్ల వెయిటింగ్ రూములో కూర్చోబెట్టారు.

ఆ స్టేషన్ మాస్టరు పేరు ఇవాన్ ఓజొలిన్. పుట్టుకతో లాత్వియావాడు, చర్చి రీత్యా లూథరన్. పట్టాల పక్కనే ఎర్ర రంగు వేసిన ఒంటి అంతస్తు కొయ్య ఇంట్లో భార్యాబిడ్డలతో కాపురం. ఆయన తన ఇంట్లో గది ఇచ్చాడు. మరునాడు ఇంకా చోటు కావలసి వస్తే అదీ ఖాళీ చేసి, పిల్లలను తీసుకుని పక్కకు సర్దుకున్నాడు. ఈ వాక్యం రాయడానికి ఎంత తేలికో, ఆ పని చేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. మీ పాఠకులకు కూడా తెలియాలి. టాల్‌స్టాయ్‌ను 1901లోనే రష్యా చర్చి వెలివేసింది. ఆయన మీద రాజ్యానికి అనుమానం. ఆయన ఎక్కడ దిగితే అక్కడికి జెండార్మ్‌లు, అంటే సాయుధ పోలీసులు, వస్తారు. స్టేషన్ మాస్టరు అంటే పైఅధికారి తంతికి జవాబు చెప్పుకోవలసినవాడు, కంపెనీ ఇంట్లో ఉండేవాడు. ఆ ఇల్లు ఆయనది కాదు. అనుకున్నట్టే పోలీసు పెద్దల నుంచి తంతి వచ్చింది: రోగుల కోసం ఉద్దేశించని స్టేషన్ భవనంలో టాల్‌స్టాయ్ ఉండడానికి ఎవరు అనుమతి ఇచ్చారు, ఆయనను ఆస్పత్రికో సొంత ఇంటికో పంపించే ఏర్పాటు చేయాలి అని. ఆ తంతి సారాంశం మొదటిసారి చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. ఉద్యోగంలో ఉండగా ‘ఎవరి అనుమతితో’ అన్న ప్రశ్నతో మొదలయ్యే కాగితం అందుకున్నవాడికి ఆ రాత్రి ఓజొలిన్ గుండె ఎలా కొట్టుకుని ఉంటుందో తెలుస్తుంది. రోగి మాత్రం ఆ ఇంట్లోనే ఉన్నారు.

ఆ తర్వాత ఏడు రోజుల పాటు ఆ రైలు ఊరు లోకానికంతటికీ తంతి కేంద్రమైంది. మాస్కో నుంచి, సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి విలేకరులు దిగారు. ఇళ్లు చాలక రైలు పెట్టెల్లోనే కొందరు తలదాచుకున్నారు. పాథే కంపెనీ తరఫున సినిమా కెమెరా వచ్చింది. ర్యజాన్ గవర్నరు వచ్చాడు. ఆప్తినా మఠం నుంచి వర్సొనోఫీ అనే వృద్ధ సన్యాసి వచ్చి, చర్చిలోకి తిరిగి చేర్చుకునే ఆశతో గడప దగ్గర వేచి చూశాడు గాని లోపలికి పోనివ్వలేదు. భార్య సోఫియా తూలా నుంచి ప్రత్యేక రైలులో వచ్చింది. ఆమెను చూస్తే భర్తకు ఆందోళన ఎక్కువవుతుందని డాక్టర్లు, పిల్లలు అడ్డుపడితే, సైడింగ్‌లో, అంటే పక్క పట్టాల మీద, నిలిపిన పెట్టెలోనే ఉంటూ, పగలు వచ్చి ఆ ఎర్ర ఇంటి కిటికీ దగ్గర నిలబడి లోపలికి తొంగిచూసేది. ఆమెను లోపలికి రానిచ్చింది ఆయనకు స్పృహ తప్పిన తర్వాతే. ఇదంతా మీ వ్యాసంలో ఉంది, నేను పొడిగించను. కానీ ఈ గుంపంతటికీ నీళ్లు ఎవరు మోశారు, రాత్రంతా తంతి మీట ఎవరు కొట్టారు, ప్రత్యేక రైళ్లకు లూప్‌లైను ఎవరు ఖాళీ చేయించారు, ఈ హడావుడి మధ్య రోజువారీ గూడ్సు రైళ్లకు ఎవరు జెండా ఊపారు? ఆ వారం రోజుల్లో అస్తాపొవో నుంచి పోయిన తంతులు వందల్లో ఉన్నాయి. ఒక చిన్న జంక్షన్ తంతి గుమాస్తాకు అది ఎంత చాకిరో పాత రైల్వేవాళ్లు ఊహించగలరు.

పాత లెక్కలో నవంబరు 7, మన లెక్కలో 20వ తేదీ తెల్లవారుజామున ఆరు గంటల ఐదు నిమిషాలకు టాల్‌స్టాయ్ పోయారు. ఆ స్టేషన్ గడియారం ముళ్లను ఆ ఘడియ దగ్గరే ఆపి ఉంచారు. శవపేటికను రైల్లోనే తీసుకుపోయారు. యాస్నాయ పొల్యానాలో, చర్చి తంతు ఏదీ లేకుండా, చెట్ల మధ్య లోయ గట్టున పాతిపెట్టారు. 1918లో అస్తాపొవో పేరు తీసి ఊరికీ స్టేషన్‌కూ లెవ్ తొల్‌స్తోయ్ అని ఆయన పేరే పెట్టారు. ఇప్పుడు అది లీపెత్స్క్ రాష్ట్రంలో ఒక చిన్న జిల్లా కేంద్రం. పదివేలకు మించని జనం. ఓజొలిన్ ఇల్లు మ్యూజియం అయింది. టాల్‌స్టాయ్ పడుకున్న ఇనుప మంచం ఉన్న గదిని కదిలించకుండా ఉంచారు. ఇంటితోపాటు స్టేషన్ భవనం, ఇటుక నీళ్ల ట్యాంకు కూడా నిలిచి ఉన్నాయి. ఒక మహానుభావుడు చనిపోయిన గదిని కాపాడడం ఎక్కడైనా జరుగుతుంది. దాని చుట్టూ ఉన్న పనివాళ్ల కట్టడాలను కూడా నిలబెట్టడం వల్ల, అక్కడికి వెళ్లినవాడు ఒక మరణాన్ని మాత్రమే చూసి రాడు, నూరేళ్ల కిందటి రైలు ఊరు ఎలా బతికిందో చూసి వస్తాడు.

ప్రాణం పోయే ముందు ఆయన తన కూతుళ్లతో ఒక మాట అన్నారని అలెగ్జాండ్రా రాసిపెట్టింది. లోకంలో లెవ్ టాల్‌స్టాయ్ కాక ఇంకా ఎంతోమంది మనుషులున్నారు, మీరేమో ఒక్క లెవ్‌నే చూస్తున్నారు అని ఆ మాటకు అర్థం. ఆ మాట అన్న మనిషి చనిపోయిన ఇంటి యజమాని పేరును, ఊరి పేరును ‘ఊరూ పేరూ లేని’ అంటూ కొట్టేయడం నాకు న్యాయంగా తోచలేదు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఇదే.

నా సొంత అనుభవం ఒకటి చెప్పడానికి అనుమతించండి. ద్రోణాచలానికీ నంద్యాలకూ మధ్య ఒక చిన్న స్టేషన్‌లో, మీటరుగేజి రోజుల్లో, ఒక రాత్రి ప్యాసింజరు బండి గార్డు నన్ను పిలిచి, వలస పని ముగించుకుని తిరిగి పోతున్న కుటుంబంలోని ముసలాయనకు ఒళ్లు కాలిపోతోందని, స్పృహ సరిగా లేదని చెప్పాడు. ఆ స్టేషన్ చుట్టూ మూడు మైళ్ల దాకా ఊరు లేదు. మూడు క్వార్టర్లు, ఒక బావి, రెండు వేపచెట్లు. వాళ్లను మా ముందు గదిలోకి తీసుకొచ్చాం. మా ఆవిడ గంజి కాచింది, పాయింట్స్‌మన్ భార్య రాత్రంతా తడిగుడ్డ వేసింది, తెల్లవారి వచ్చిన గూడ్సు రైల్లో డాక్టరుకు కబురు పంపాం. రెండు రోజులున్నారు. పైనుంచి నన్ను వివరణ అడిగారు, నేను రాసిచ్చాను, అంతటితో పోయింది. మరుసటి సంక్రాంతికి ఆ ముసలాయన కొడుకు అర బస్తా కొర్రలు మోసుకొచ్చి గుమ్మంలో దించి, కూర్చోమన్నా కూర్చోకుండా వచ్చిన బండికే తిరిగి పోయాడు. నేను చేసింది గొప్ప పని అని చెప్పుకోవడానికి ఇది రాయడం లేదు. అలాంటి స్టేషన్లలో పనిచేసిన ప్రతి ఒక్కరి దగ్గరా ఇలాంటి ముచ్చట ఒకటి ఉంటుంది. చుట్టూ ఇల్లు లేని చోట స్టేషన్ మాస్టరు ఇల్లే సత్రం, అదే ఆస్పత్రి. ఓజొలిన్ గడప అలాంటిది.

మన గుంతకల్లుకు కూడా అలాంటి గడప ఒకటి ఉంది. 1893లో ఇక్కడ గేటు కాపలా కాసిన గూళపాళ్యం హంపన్న, తెల్ల సిపాయిలు తరుముతుంటే పరుగెత్తుకొచ్చిన ఇద్దరు ఆడవాళ్లను తన గేటు గదిలోకి రానిచ్చి, వాకిట్లో అడ్డంగా నిలబడి, తుపాకి గుండుకు బలయ్యాడు. గుత్తి వకీలు కేశవ పిళ్లె గారు ఆ దారుణాన్ని పత్రికకు రాసి దేశానికి తెలియజేశారు. కాల్చినవాడికి శిక్ష పడలేదు. హంపన్న పేరిట ఒక స్మారకశిల నిలిచింది. నేను స్టేషన్ మాస్టరునయ్యాక గానీ ఈ కథ పూర్తిగా తెలుసుకోలేదు. మా నాన్న మాత్రం గేటు దాటినప్పుడల్లా ఎందుకో తలకు చుట్టిన తువ్వాలు తీసేవాడు. రష్యా స్టేషన్‌లో గది ఇచ్చిన ఓజొలిన్‌ను, ఇక్కడ గేటు గది ఇచ్చిన హంపన్నను ఒకే వరుసలో తలచుకునే హక్కు గుంతకల్లువాడికి ఉందని నా నమ్మకం.

రాయచూరులో 1871లో మద్రాసు, బొంబాయి లైన్లు కలిసిన నాటి నుంచి మన గుంతకల్లు పట్టాల మీదే బతికింది. బ్రాడ్‌గేజి పెట్టెల్లోంచి మీటరుగేజి పెట్టెల్లోకి బస్తాలు మార్చిన హమాలీలు, బొగ్గు మసిలో తెల్లవార్లూ పనిచేసిన షెడ్డువాళ్లు, తలుపు తట్టి డ్యూటీకి లేపిన కాల్‌బాయ్‌లు, తెలుగు, కన్నడం, తమిళం, ఉర్దూ ఒకే వీధిలో వినిపించిన క్వార్టర్లు, క్రిస్మస్‌కు మాకు కేకు పంపిన ఆంగ్లో ఇండియన్ డ్రైవరు కుటుంబాలు, శనివారం డ్యూటీ దిగి నేరుగా కసాపురం ఆంజనేయస్వామి దగ్గరకు నడిచిపోయిన ఫైర్‌మన్లు... వీళ్ల ఇళ్లు ఒక్కొక్కటే కూలిపోతున్నాయి. కొత్త కట్టడాలు వద్దని నేను అనను. వానకు కారే పెంకుటింట్లో కాపురం చేసినవాడిని, ఆ కష్టం నాకు తెలుసు. వాటిలో ఒక్క క్వార్టరునైనా, ఒక్క గేటు గదినైనా ఉన్నది ఉన్నట్టు మిగల్చమని కొన్నేళ్ల కిందట ఒక కార్యాలయానికి అర్జీ పెట్టాను. జవాబు రాలేదు. అస్తాపొవో కథ మీ పత్రికలో వచ్చిన సమయంలోనైనా ఈ మాటకు నలుగురి చెవి దొరుకుతుందని ఆశపడుతున్నాను.

కాబట్టి నా విన్నపాలు రెండు. వచ్చే ఏడు ఇదే రోజున టాల్‌స్టాయ్ గురించి రాస్తే, దయచేసి అస్తాపొవో అన్న పేరును, ఇవాన్ ఓజొలిన్ అన్న పేరును కూడా అచ్చువేయండి. చిన్నప్పుడు విశాలాంధ్ర పుస్తకాల దుకాణంలో చవగ్గా దొరికిన రష్యన్ పుస్తకాలు చదివి పెరిగిన నా తరం పాఠకులు ఈ జిల్లాల్లో ఇంకా చాలామందే ఉన్నారు, వాళ్లు సంతోషిస్తారు. రెండోది, గుంతకల్లు, గుత్తి, ద్రోణాచలం, నందలూరు రైల్వే కాలనీల పాత మనుషుల జ్ఞాపకాలకు మీ జిల్లా పేజీలో నెలకొకసారైనా చోటివ్వండి. ఆవిరి ఇంజన్ల రోజులు చూసినవాళ్లు ఏటికేడు తగ్గిపోతున్నారు. మొన్న శ్రావణంలో మా వీధిలో తొంభై దాటిన డ్రైవరు గారొకరు పోయారు. ఆయన చెప్పిన పాత లైను కబుర్లు ఎవరూ రాసుకోలేదు, నేను కూడా రాసుకోలేదు.

మా నాన్న వాడిన మూడు రంగుల చేతి లాంతరు, ఇత్తడి విజిలు, అట్ట చినిగిన ఒక మీటరుగేజి టైంటేబులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఏ పాత క్వార్టరులోనైనా ఒక గది తెరిస్తే, ఆ మూడూ తెచ్చి ఇస్తాను. లాంతరు ఇప్పటికీ వెలుగుతుంది. ఎర్ర అద్దం మాత్రం ఒక మూల బీటలు వారింది.

భవదీయుడు,
ఒక విశ్రాంత స్టేషన్ మాస్టరు,
గుంతకల్లు, అనంతపురం జిల్లా